అయస్కాంతానికి అంటని నలుపు

ఆ వీధిలో వాళ్ళ కొట్టుకి బోర్డయితే ఉండేది గానీ దాన్ని చదివిన పాపాన పోయినవాళ్ళు లేరు. అందరూ పొడికొట్టనే అనేవాళ్ళు. ఆఫీసుల్లో ప్రింటర్లుంటాయి కదా, వాటిలో పొడి అయిపోయిన డబ్బాలు తెచ్చి ఇక్కడ పడేస్తే, అక్కా తమ్ముడూ కలిసి వాటిని విప్పి, దులిపి, కొత్త పొడి నింపి ఇచ్చేవాళ్ళు. నల్లటి పొడి, పిండికన్నా మెత్తన. మూత తియ్యగానే అడక్కుండానే ముక్కులో దూరేది. "మీది పొడికొట్టా, ముక్కుపొడి కొట్టా" అని పక్కన తాళాలు బాగుచేసే ముసలాయన పాతికేళ్ళుగా అదే జోకు వేస్తున్నాడు. పాతికేళ్ళుగా అక్క దానికి నవ్వుతూనే ఉంది, పొరుగువాడితో పేచీ ఎందుకని.

అక్కకి యాభై రెండు. తమ్ముడికి నలభై నాలుగు, అయినా ఆవిడ నోట ఇంకా చిన్నోడే. తండ్రి పోతూ పోతూ ఇద్దరికీ కలిపి ఈ కొట్టూ, రెండు వాటాల ఇల్లూ ఇచ్చిపోయాడు. ముందు వాటాలో చిన్నోడూ అతని పెళ్ళామూ, వెనక వాటాలో అక్క. భర్త పోయిన ఈ ఆరేళ్ళలో ఆవిడ ప్రయాణాలన్నీ వాటా నుంచి కొట్టుకీ, కొట్టు నుంచి వాటాకీ.

ఆ పనిలో ఉన్నవాళ్ళకి కొన్ని సంగతులు పుట్టుకతో వచ్చినట్టే వచ్చేస్తాయి. సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వస్తుంది, దానికి ఎవరూ కంగారుపడరు. పొడి అంటిన బట్టని వేడినీళ్ళలో ముంచకూడదు. వేడి తగిలిందా, పొడి కరిగి దారానికి అతుక్కుపోతుంది, ఇక తలకిందులుగా తపస్సు చేసినా వదలదు. ముందు దులపాలి, తర్వాత అయస్కాంతం తిప్పాలి, ఆపైనే చన్నీళ్ళు. అయస్కాంతం ఎందుకంటే, వీళ్ళు వాడే పొడిలో ఇనప రజను కలిసి ఉంటుంది. పాత డబ్బాలోంచి పీకిన అయస్కాంతపు కడ్డీ ఒకటి బల్ల మీద ఎప్పుడూ పడుండేది. పొడి ఒలికిన చోట దాన్ని ఆడిస్తే చాలు, నల్లటి నూగులా లేచి అంటుకునేది.

ఆ ఏడు వచ్చిన వైరస్ జ్వరం ముందు మరదల్ని పట్టుకుంది, తర్వాత చిన్నోణ్ణి. మరదలు వారంలో లేచి కూర్చుంది గానీ నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. చిన్నోడు మాత్రం నాలుగు రోజులు ఇంట్లో మూలిగి, తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉండి, సగమై ఇంటికొచ్చాడు. అతనికి ముందునించే షుగరు. ఊపిరితిత్తుల వాపు తగ్గడానికి స్టెరాయిడ్లు ఇచ్చారు. అవి ప్రాణం నిలబెట్టాయి, షుగర్ని మాత్రం ఆకాశానికి ఎగదోశాయి.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది అక్కా," అన్నాడు చిన్నోడు మంచం మీద వాలి.

"ప్రాణం దక్కింది కదరా. నాలుక సంగతి నిదానంగా చూసుకుందాం," అంది అక్క.

ఆ రోజుల్లో ఆవిడ అలసట గురించి ఒకటి చెప్పాలి. పొద్దున రెండు వాటాలకీ వంట, తర్వాత చిన్నోడి వేలు పొడిచి షుగరు చూడ్డం, మరదలికి మందులు, పదింటికి కొట్టు. కొట్లో ఇద్దరు చేసే పని ఒక్కతే. మధ్యాహ్నం ఇంటికి పరుగు, మళ్ళీ కొట్టు. ఇంటికి తాళం వేశానా లేదా అని సగం దారి నుంచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. ఒకరోజు చెప్పులు వేసుకునే మంచమెక్కి పడుకుంది. ఇంకో కష్టం వస్తే ఎలా అనే భయం కూడా పోయి, ఇంకోటి రాదులే అని తనకు తానే తీర్మానం చేసేసుకుంది. ఓపిక లేనివాళ్ళు చేసుకునే తీర్మానమే అది.

ఆదివారం పొద్దున మరదలు గోడ పట్టుకుని నడుచుకుంటూ వెనక వాటా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో చిన్నోడి చేతిరుమాలు.

"వదినా, ఇది ఒకసారి చూస్తారా. ముక్కు చీదితే నల్లగా వచ్చింది. ఒక్క ఎడమపక్కే."

అక్క చూసింది. చూసి నవ్వింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది.

"పదిహేనేళ్ళు కాపురం చేశావు, మా ఇంటి ముక్కులు ఇంకా అలవాటు కాలేదా నీకు?"

"కానీ ఆయన కొట్టుకి వెళ్ళి చాలా రోజులైంది కదా వదినా."

"ఇరవై ఏళ్ళు పీల్చింది ఇరవై రోజుల్లో పోతుందా అమ్మాయ్? జ్వరానికి లోపలున్నదంతా కదిలి బయటికొస్తోంది. మంచిదే. రానీ."

మరదలు తలూపింది. ఆ పొడి సంగతి వదినకి తెలిసినంత ఎవరికి తెలుసు. "వేడినీళ్ళలో నానేస్తాను మరి, క్రిములు పోతాయి," అంది.

"వద్దొద్దు. వేడినీళ్ళు తగిలితే బట్ట పాడైపోతుంది. ఆ సంచీలో వేసి మేకుకి తగిలించు, కొట్టుకి తీసుకెళ్ళి దులిపేస్తాను."

తలుపు పక్కన మేకుకి గుడ్డసంచీ తగిలించారు. సోమవారం అక్క దాన్ని తీసుకెళ్ళడం మర్చిపోయింది. మంగళవారం గుర్తొచ్చింది గానీ చేతిలో రెండు డబ్బాలుండి వదిలేసింది. సంచీలో రుమాళ్ళు ఒకటికి నాలుగయ్యాయి.

సోమవారం చిన్నోడు తలనొప్పన్నాడు, ఎడమపక్క. ముక్కు కూడా ఆ పక్కే మూసుకుపోయిందన్నాడు. "జలుబు చేసుంటుంది, ఆవిరి పట్టు," అంది అక్క. మంగళవారం అతను గడ్డం గీసుకుని కూర్చుంటే ఎడమ చెంప మీంచి నెత్తురు కారి చొక్కా కాలరు తడిసింది. మరదలు చెప్పేదాకా అతనికి తెలియదు. చెంప మీద వేలితో కొట్టుకుని చూసుకున్నాడు. "ఎవరి చెంపో కొట్టినట్టుందక్కా, నాది కానట్టుంది," అన్నాడు.

"ఎప్పుడూ ఆ పక్కకే తిరిగి పడుకుంటావు, తిమ్మిరెక్కి ఉంటుంది. అయినా నీది మొదట్నుంచీ మందం చర్మమేగా, చిన్నప్పుడు ఎన్ని తగిలించినా ఏడ్చేవాడివి కావు."

బుధవారం పైపన్ను కదిలింది. కన్ను కింద ఉబ్బింది. అన్నింటికీ అక్క దగ్గర ఒక జవాబు ఉంది. పన్నుకి వయసు, ఉబ్బుకి నిద్రలేమి. మరదలు మాత్రం అతని మొహంలోకి చూస్తూ, "ఆస్పత్రికి ఒకసారి వెళ్ళొస్తే?" అంది మెల్లగా.

"మళ్ళీ ఆ గుమ్మం తొక్కను," అన్నాడు చిన్నోడు. "పక్క మంచంవాడు నా కళ్ళ ముందే పోయాడు. నన్ను వదిలెయ్యండి, రెండు రోజులు పడుకుంటే అదే పోతుంది."

అక్క పట్టుబట్టలేదు. నిజం చెప్పాలంటే, వాడు రానన్నందుకు ఆవిడకి లోపల్లోపల హాయిగా కూడా అనిపించింది. మళ్ళీ ఆ వరుసల్లో నిలబడటం, ఆ బల్లల మీద కూర్చోవడం, ఆ కాయితాలు పట్టుకుని ఈ గదికీ ఆ గదికీ తిరగడం. ఆ ఒక్క పూట హాయిని ఆవిడ తర్వాత చాలాకాలం క్షమించుకోలేదు.

గురువారం పొద్దున మేకు మీది సంచీ భుజానికి తగిలింది. తీసుకుని కొట్టుకెళ్ళింది.

అప్పటికే ఒక ఆఫీసు గుమాస్తా మెట్ల మీద నిలబడి ఉన్నాడు, ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని. "అమ్మా, తొందరగా కావాలి, మా దొరగారు నిప్పులు కక్కుతున్నారు," అన్నాడు. అక్క మాస్కు వేసుకుని డబ్బా విప్పింది. పాత పొడి దులిపింది. కొత్త పొడి పోసేలోపు, దుమ్ము లేవనే లేచింది కదా అని, ఆ చేత్తోనే సంచీలోంచి ఒక రుమాలు తీసి విదిలించింది.

ఏమీ రాలలేదు.

నలిపి విదిలించింది. ఎండిన మరక పెళుసుగా విరిగింది గానీ నుసి లేవలేదు. అలవాటుగా చెయ్యి అయస్కాంతపు కడ్డీ మీదికి పోయింది. రుమాలు మీద అటూ ఇటూ తిప్పింది. కడ్డీ తళతళలాడుతూ ఉంది. ఒక్క రేణువు అంటలేదు. మరకని గోటితో గీకి, ఆ గీకిన దాని పక్కనే కడ్డీ పెట్టింది. గీకిన పొట్టు ఉన్నచోటు నుంచి కదల్లేదు.

కడ్డీకి సత్తువ పోయిందేమో అనుకుంది పిచ్చిది. బల్ల అంచున ఒలికిన పొడి మీద ఆడించింది. ఎప్పటిలాగే లేచి అంటుకుంది. అయినా మనసొప్పక చిన్నోడి సొరుగు లాగింది. జ్వరం రాకముందు వాడు వాడి పడేసిన రుమాలొకటి ఉంది అందులో, ఉండలు చుట్టి. అదీ ముక్కు చీదిందే, అదీ ఎండిందే. రెండు వేళ్ళ మధ్య నలిపి కడ్డీ దగ్గర పెట్టింది. నల్లటి నూగు గబుక్కున లేచి కడ్డీకి పట్టింది.

ఒకే మనిషి ముక్కు. ఒక నలుపు అంటుతోంది, ఇంకో నలుపు అంటడం లేదు.

అక్క తన మాస్కు తీసి, తన రుమాలుతో ముక్కు చీదుకుంది. తెల్లగా ఉంది. ఈ నెలంతా మాస్కు వేసుకునే పని చేస్తోంది. రోజంతా పొడిలో మునిగి తేలే తన ముక్కు తెల్లగా ఉంటే, ఇరవై ఏడు రోజులుగా కొట్టు గుమ్మం ఎక్కనివాడి ముక్కు నల్లగా ఎలా ఉంటుంది? సంచీలో మిగిలిన రుమాళ్ళలో ఒకటి తీసి పంపు కింద పెట్టింది. నీళ్ళు నల్లగా రాలేదు, ఇటికరంగులో వచ్చాయి.

అప్పుడు ఆవిడకి చెంప గుర్తొచ్చింది, పన్ను గుర్తొచ్చింది, కన్ను కింద ఉబ్బు గుర్తొచ్చింది. అన్నీ ఎడమపక్కే. ఒక్కోదానికీ తను ఇచ్చిన జవాబు గుర్తొచ్చింది. రుమాళ్ళన్నీ మళ్ళీ సంచీలో కుక్కింది.

"అమ్మా, నా డబ్బా," అన్నాడు గుమాస్తా.

"రేపు రండి."

"రేపు మాకు సెలవమ్మా."

"అయితే ఎల్లుండి రండి," అని విప్పిన డబ్బా విప్పినట్టే వదిలేసి, ఆయన్ని మెట్లు దింపి, షట్టరు లాగింది. తాళాల ముసలాయన తలెత్తి, ఆవిడ మొహం చూసి చేతిలో తాళం పక్కన పెట్టేశాడు.

ఇంటికెళ్ళేసరికి చిన్నోడు కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఎడమ రెప్ప సగం వాలి ఉంది. అక్కని చూసి నవ్వబోయాడు, నవ్వు ఒక పక్కకే వచ్చింది.

"అక్కా, ఇవాళ నువ్వు ఇద్దరుగా కనిపిస్తున్నావు. ఒక్కదానితోనే వేగలేక చస్తున్నాను."

"లే," అంది అక్క.

"ఎక్కడికి?"

"నువ్వు తొక్కనన్న గుమ్మానికే."

ఆవిడ గొంతులో ఏముందో, చిన్నోడు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. మరదలు అప్పటికే చెప్పులేసుకుని, మందుల ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఆదివారం నుంచీ సిద్ధంగానే ఉందని అక్కకి అప్పుడు అర్థమైంది.

ముక్కు డాక్టరు ఆడమనిషి, వయసు చిన్నదే. కళ్ళ కింద నల్లటి గుంటలు. ఆవిడా ఎన్నాళ్ళుగానో నిద్రపోయినట్టు లేదు. చిన్నోడి నోరు తెరిపించి అంగిట్లోకి చూసింది, ముక్కులోకి సన్నటి గొట్టం పంపి చూసింది. తర్వాత చేతి తొడుగులు తీసి పక్కన పడేసింది.

"ఇది బూజు," అంది. "రొట్టె మీద పట్టే బూజు లాంటిదే. గాలిలో ఎప్పుడూ ఉంటుంది, మామూలప్పుడు మనల్నేమీ చెయ్యదు. పెద్ద జ్వరం పడి లేచి, స్టెరాయిడ్లు వాడి, షుగరు పెరిగి, ఒంట్లో కాపలా లేనప్పుడు ముక్కులోంచి దూరి ఎముకని తింటుంది. అక్కణ్ణుంచి కంటికి, కంటి నుంచి మెదడుకి. ముక్కులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను, స్కానింగ్ చేయిస్తాను, కానీ మందు ఇప్పుడే మొదలుపెడతాను. నల్లగా రావడం ఎప్పుడు చూశారు?"

అక్క నోరు తెరిచేలోపే చిన్నోడు అందుకున్నాడు. "నిన్ననే డాక్టరు గారూ. నిన్న సాయంత్రం."

మరదలు నేల చూస్తోంది. నిన్ననే అంటే అందరికీ తేలిక. నిన్న చూశాం, ఇవాళ వచ్చాం, ఇంకేం చేస్తాం అనుకోవచ్చు. అక్కకి ఆ అబద్ధం మంచినీళ్ళలా గొంతు దాకా వచ్చింది.

"కాదమ్మా," అంది. "ఆదివారం. ఇవాళ్టికి అయిదో రోజు. ఈ అమ్మాయి ఆదివారమే తెచ్చి నాకు చూపించింది. మేం పొడి పనిచేసేవాళ్ళం, మా అందరి ముక్కులూ అంతేనని నేనే నవ్వి పంపేశాను. సోమవారం తలనొప్పి, మంగళవారం చెంపకి స్పర్శ పోయింది, నిన్న పన్ను కదిలింది, ఇవాళ వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయి. ఏదీ వదలకుండా రాసుకోండి."

డాక్టరమ్మ ఆవిడవంక ఒక్క క్షణం చూసి, అన్నీ రాసుకుంది. "అయిదు రోజులంటే నేను రేపటిదాకా ఆగకూడదు. ఇవాళే ఆపరేషన్ గదికి తీసుకెళ్ళాలి," అంది.

ఆ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అక్కా మరదలూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. మరదలు ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది, అక్కకి కాస్త ఊపిరాడేది. ఒకసారి మాత్రం మరదలు లేచి వెళ్ళి రెండు గ్లాసుల పాలు తెచ్చి, ఒకటి అక్క చేతిలో పెట్టింది. అక్క ఆ గ్లాసు పట్టుకుని ఏడ్చింది. తాగకుండానే పాలు చల్లారిపోయాయి.

చిన్నోడి ఎడమ పైదవడ తీసేశారు, నాలుగు పళ్ళతో సహా. కన్ను మిగిలింది. నాలుగో రోజున డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి, కట్టు విప్పి, టార్చి వేసి చూసి, మొదటిసారి కొంచెం నవ్వింది. ముగ్గురికీ కలిపి చెప్పింది.

"ఒక్క రోజు ఆలస్యమైతే కన్ను పోయేది. మూడు రోజులు ముందు తెచ్చుంటే దవడ దక్కేది."

ఆవిడ ఎవర్నీ తప్పుపట్టలేదు. పొద్దున్నుంచీ పదిమందిని చూసిన అలసటలో, ఉన్నదున్నట్టు చెప్పిందంతే. చిన్నోడికి మాట రాదు, నోట్లో గుడ్డ కుక్కి ఉంది. పక్కనున్న చిన్న పుస్తకం తీసుకుని ఏదో రాసి, కాయితం చింపి డాక్టరమ్మకి ఇచ్చాడు. ఆవిడ చదువుకుని, తలూపి, మడిచి అతని ఫైలులో పెట్టింది. ఎప్పటి నుంచి అన్నం తినొచ్చని అడిగాడు కాబోలు అనుకుంది అక్క.

ఇంటికొచ్చాక కూడా చాలా నెలలు పట్టింది. అంగిటికి ప్లాస్టిక్ పలక ఒకటి అమర్చారు. అది పెట్టుకుంటే మాట కొంచెం ముక్కుతో వస్తుంది, తీస్తే అసలు అర్థం కాదు. పొడి జోలికి పోవద్దన్నారు. కొట్లో మధ్యకి అద్దాల గోడ కట్టించింది అక్క. లోపల ఆవిడ, బయట చిన్నోడు. వచ్చినవాళ్ళ దగ్గర డబ్బాలు తీసుకుని చీటీ రాసివ్వడం అతని పని. రోజూ సాయంత్రం మరదలు అతని రుమాలు తెచ్చి అక్క చేతికిస్తుంది. అక్క వెలుతుర్లో పెట్టి చూసి "తెల్లగానే ఉంది" అంటుంది. మరదలు తీసుకుని వెళ్ళి వేడినీళ్ళలో వేస్తుంది.

మాట కాస్త తిరిగాక చిన్నోణ్ణి పట్టేవాళ్ళు లేరు. వచ్చిన ప్రతివాడికీ అదే కథ. "ఒక్క రోజు ఆలస్యమైతే కన్ను పోయేదండీ. డాక్టరమ్మే చెప్పింది. మా అక్క, ఏం చదువుకుందని, అయస్కాంతం పెట్టి కనిపెట్టేసింది." ఆ గుమాస్తాకైతే మూడుసార్లు చెప్పాడు. తాళాల ముసలాయన పాతికేళ్ళ జోకు మానేసి, అక్కని చూస్తే లేచి నిలబడటం మొదలుపెట్టాడు. అది ఇంకా భరించలేకపోయింది ఆవిడ.

ఒకరోజు అద్దాల తలుపు తీసుకుని బయటికొచ్చింది. కొట్లో ఎవరూ లేరు.

"రెండోది కూడా చెప్పరా," అంది.

"ఏ రెండోది?"

"ఆవిడ రెండు మాటలు చెప్పింది. నువ్వు ఒకటే చెప్పుకు తిరుగుతున్నావు."

చిన్నోడు చీటీల పుస్తకం సర్దుకుంటూ, "నాకు ఒకటే వినపడిందక్కా. అప్పుడు మత్తులో ఉన్నానుగా," అన్నాడు.

సరేలే అనుకుంది అక్క. వినకపోతే వినకపోనీ, వాడికి తెలియకపోవడమే మంచిది. తన బరువు తనదే.

మర్నెల్లో మళ్ళీ చూపించుకోవాల్సి వచ్చి, ముందురోజు ఫైలు సర్దడానికి కూర్చుంది. స్కానింగులు ఒక వైపు, మందుల చీటీలు ఒక వైపు పెడుతుంటే, మధ్యలోంచి మడతపెట్టిన చిన్న కాయితం జారింది. వంకరటింకర అక్షరాలు, మంచం మీద పడుకుని రాసినవి.

"డాక్టరు గారూ, ఆ రెండో మాట మా అక్క ముందు మళ్ళీ అనకండి."

అక్క దాన్ని రెండుసార్లు చదివింది. ఏ మడతకి ఆ మడత పెట్టి, ఎక్కడ జారిందో అక్కడే తిరిగి పెట్టింది.

మర్నాడు ఆస్పత్రి వరుసలో పక్కన కూర్చున్న కొత్తమనిషికి చిన్నోడు కథ మొదలుపెట్టాడు, ఒక్క రోజు ఆలస్యమైతే కన్ను పోయేదండీ అని. అక్క అతని పలక డబ్బా ఒళ్ళో పెట్టుకుని, అడ్డు రాకుండా చివరిదాకా వింది.